బతికున్నవారి రోజు

అల్ఫారెట్టా,
16 సెప్టెంబరు 2012

చాటహూచీ తీర తెలుగు సమితి కార్యదర్శి మల్లికార్జునరావు గారికి,

నమస్కారం. పదిహేను నిమిషాల డ్రైవ్ దూరంలో ఉన్న మనిషికి స్టాంపు అంటించి ఉత్తరం రాయడం నాకే వింతగా ఉంది. కానీ పోయినేడాది ఉగాది పచ్చడిలో బెల్లం ఎక్కువైందన్న ఒక్క ఈమెయిల్‌కి తొమ్మిది వందల మంది ‘రిప్లై ఆల్’ కొట్టుకున్నాక, ఇకపై సభ్యుల సూచనలు సంతకం పెట్టిన కాగితం మీదే రావాలని మీరు పెట్టిన రూలు నాకు నచ్చింది. కోపం పోస్టాఫీసు దాకా వెళ్లేసరికి సగం చల్లారుతుంది.

నా గురించి నాలుగు మాటలు. పేరు దమయంతి. కాకతీయలో హిస్టరీ ఎం.ఏ. చదివి, తొంభై తొమ్మిదిలో అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. టెస్టింగ్ చేస్తాను. ‘ఇది బాగా పనిచేస్తోంది’ అని ఎవరైనా అంటే, లేదని చూపించడమే నా ఉద్యోగం. అందుకని నా మాటల్లో అనుమానం ధ్వనిస్తే అది మీ మీద కాదు, అలవాటు కొద్దీ వచ్చిందనుకోండి.

సంగతేమిటంటే, మా అమ్మాయి అనుష్క స్కూల్లో వెటరన్స్ డే (మాజీ సైనికుల రోజు) ప్రాజెక్ట్ ఇచ్చారు. ‘అమ్మా, మనకి తెలిసిన వెటరన్ ఎవరైనా ఉన్నారా’ అంది. లేరని ఠక్కున చెప్పాను. మర్నాడు అదే కనుక్కొచ్చింది: పదకొండేళ్లుగా మా పక్కింట్లో ఉంటున్న వాల్టర్ గారు వియత్నాం యుద్ధంలో నేవీలో పనిచేశారట. ఆయన రోజూ పెట్టుకునే టోపీ మీద ఓడ బొమ్మ ఉంటుంది. ఎప్పుడో క్రూయిజ్‌కి వెళ్లినప్పుడు కొనుక్కున్నారనుకున్నాను. ఒకసారి అందులో భోజనం ఎలా ఉండేదని కూడా అడిగాను. ‘నాట్ గ్రేట్’ అన్నారు పాపం.

సిగ్గేసి, పోయిన ఆదివారం ఇండియన్ స్టోర్ క్యూలో మనవాళ్లని అడిగాను, నవంబరు పదకొండు ఏమిటని. నలుగురు బ్యాంకు సెలవన్నారు. ముగ్గురు పరుపుల సేల్ అన్నారు. ఇద్దరు మెమోరియల్ డే అన్నారు. అది చనిపోయిన సైనికులది, మే నెలలో వస్తుంది. నవంబరుది బతికున్నవారి రోజు. ఒకాయన నేనేదో స్కీములో చేర్పిస్తానని భయపడి కొత్తిమీర కట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. పదకొండో మనిషిని నేనే. మొన్నటిదాకా నాకూ తెలియదు కనక నన్నూ లెక్కలో వేశాను.

మన దీపావళి ఫంక్షన్ నవంబరు పది, శనివారం. మర్నాడే వెటరన్స్ డే. వేదిక మీద పది నిమిషాలు ఇస్తే వాల్టర్ గారిని పిలిచి, ఆ రోజేమిటో మనవాళ్లకి చెప్పి, ఒక శాలువా కప్పుదామని నా సూచన.

ఇట్లు,
దమయంతి

తా.క. కొత్తిమీర వదిలేసిన ఆయన మీ కోశాధికారి అని తర్వాత తెలిసింది.

*

జాన్స్ క్రీక్,
24 సెప్టెంబరు 2012

శ్రీమతి దమయంతి గారికి కార్యదర్శి వ్రాయునది,

తమరి లేఖ అందినది. ఫైలులో చేర్చబడినది.

మీ సూచన పైకి చాలా బాగుంది. నా ఏడేళ్ల కార్యదర్శిత్వంలో పైకి ఇంత బాగున్న సూచన ఇదే మొదటిది కాబట్టి లోపల ఏముందోనని రెండుసార్లు చదివాను.

కొన్ని సందేహాలు. డిసెంబరులో మన సమితి ఎన్నికలున్నాయి. పదకొండేళ్లుగా తెలియని పక్కింటాయన మీకు సరిగ్గా సెప్టెంబరులోనే ఎందుకు తెలిశారు? మీ వెనక నరసింహ గారున్నారా? పోయిన ఎన్నికల్లో ఆరు ఓట్లతో ఓడినప్పటి నుంచి ఆయన ప్రతి పండక్కీ ఎవరో ఒకరి చేత ఒక మంచి పని చేయిస్తున్నారు. రెండోది, ఈ వాల్టర్ గారు ఇన్సూరెన్స్ గానీ ఇళ్లు గానీ అమ్ముతారా? గత సంక్రాంతికి యోగా గురించి మాట్లాడతానని మైకు తీసుకున్నాయన నలభై నిమిషాలు సోలార్ పలకల గురించి చెప్పి, చివర్న ఒక్కసారి ఊపిరి పీల్చమన్నాడు.

మూడోది సమయం. ఆ రోజు ఇరవై ఏడు నృత్యాలున్నాయి. ఒక్కోదాంట్లో ఇరవై మంది పిల్లలు. ఏ ఒక్క పిల్లని తగ్గించినా నలుగురు పెద్దలు నాతో రెండేళ్లు మాట్లాడరు. పది నిమిషాలంటే మూడు నృత్యాలు, అంటే రెండు వందల నలభై మంది. నాకు ఇప్పటికే శత్రువులు సరిపడా ఉన్నారు.

ఈ సందేహాలకు లిఖితపూర్వకంగా సమాధానమిస్తే కార్యవర్గం ముందు పెట్టగలను.

భవదీయుడు,
మల్లికార్జునరావు

తా.క. మీ కవరు మీద అమెరికా జెండా ఉన్న స్టాంపు అంటించారు. ఇది యాదృచ్ఛికమా?

*

అల్ఫారెట్టా,
1 అక్టోబరు 2012

మల్లికార్జునరావు గారికి నమస్కారాలు.

నాకు ఎన్నికల మీద ఆశ లేదు. నరసింహ గారిని ఒక్కసారే చూశాను, వంకాయ కూర గరిటె కోసం ఇద్దరం ఒకేసారి చెయ్యి చాచినప్పుడు. వాల్టర్ గారు ఏమీ అమ్మరు. తన టొమాటోలు కూడా ఊరికే ఇచ్చేస్తారు.

అసలు సంగతి పోయిన ఉత్తరంలో దాచాను, ఇప్పుడు చెప్పక తప్పదు. మీరు ఒప్పుకుంటారో లేదో తెలియకుండానే నేను ఆయనతో నోరు జారాను. మా తెలుగువాళ్లు మిమ్మల్ని స్టేజీ మీదకి పిలుస్తారట అన్నాను. ఆయన కాసేపు టొమాటో పాదు వంక చూసి లోపలికి వెళ్లిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను. రెండ్రోజుల తర్వాత చూస్తే కోటు ఉతికించి గరాజ్‌లో ఆరేశారు.

ఆయనకి ఒక కూతురుంది, జూలీ. దేశానికి ఆ చివర్న, రెడ్‌మండ్‌లో, సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. తొమ్మిదేళ్ల కిందట వాళ్లమ్మ పోయినప్పుడు తండ్రీకూతుళ్లు ఏదో మాటా మాటా అనుకున్నారు. అప్పట్నుంచీ ఫోను లేదు, రాకపోకలు లేవు. ఇప్పుడు ఈయన ఆ అమ్మాయికి ఉత్తరం రాశారు, నవంబరు పదిన నన్ను సన్మానిస్తున్నారు, రాగలవా అని. పోస్టు డబ్బాలో వేసేముందు నాకు చూపించి, స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయా అని అడిగారు. నన్ను. ఇంగ్లీషు స్పెల్లింగులు.

ఇప్పుడు మీరు కాదంటే ఆయనకి పోయేది శాలువా కాదు. తొమ్మిదేళ్లకి కూతుర్ని పిలవడానికి దొరికిన ఒకే ఒక్క సాకు. లేని సన్మానానికి పిలిచాడని ఆ అమ్మాయి అనుకుంటే ఇక ఆ ఉత్తరమే ఆఖరుది.

ఇంకో మాట కూడా రాసేస్తాను, మీరెలాగూ అనుమానిస్తారు గనక. 2001 సెప్టెంబరులో, న్యూయార్క్ టవర్లు కూలాక, మా ఇంటి ముందు మా ఆయన రాజ్, నేను పెద్ద అమెరికా జెండా కట్టాం. దేశభక్తితో కాదు, భయంతో. అది నిటారుగా నిలబడేలా గుంజ పాతిపెట్టింది వాల్టర్ గారే. ఎందుకు కడుతున్నారని అడగలేదు. ఈ సన్మానం నేను కృతజ్ఞతతో తలపెట్టానా, ఆ రోజు మొహమాటం తీర్చుకుంటున్నానా అన్నది నాకూ సరిగ్గా తెలియదు. తెలిస్తే రాస్తాను.

ఇట్లు,
దమయంతి

తా.క. జెండా స్టాంపు యాదృచ్ఛికమే. పోస్టాఫీసులో అవే ఉన్నాయి. ఈసారి పువ్వులది వెతికి అంటించాను. దాంట్లో మీకేం కనిపించిందో రాయగలరు.

*

జాన్స్ క్రీక్,
9 అక్టోబరు 2012

దమయంతి గారికి,

కార్యవర్గం సమావేశమైనది. మీ సూచన నాలుగు–మూడు ఓట్లతో నెగ్గినది. ఆరు నిమిషాలు ఇవ్వబడినవి. పద్నాలుగో నృత్యానికీ పదిహేనో నృత్యానికీ మధ్య, పిల్లలు బట్టలు మార్చుకునేటప్పుడు.

కరపత్రం, అలంకరణ నాగమల్లేశ్వరి గారు చూస్తారు. ఆవిడ చేతి పని మీరు చూసే ఉంటారు. పోయినసారి వేదిక మీద అరటి చెట్లు నిజమైనవనుకుని ఒకాయన ఆకు కోయబోయారు. ఆవిడకి వాల్టర్ గారి మంచి ఫోటో ఒకటి కావాలి. పూర్తి పేరు, ఏ యుద్ధంలో పనిచేశారు, కుటుంబం తరఫున ఎవరు వస్తారు, ఈ మూడు వివరాలు ఒక చిన్న కాగితం మీద. చిన్న కాగితమే. ఆవిడ పెద్దది చదవరు.

శాలువా, దండ రెండూ ఉండాలని నేనే ఆవిడతో చెప్పాను. ఇస్తున్నప్పుడు తక్కువ చేయడం నాకు ఇష్టం ఉండదు.

కూతురు గారి చిరునామా కూడా పంపితే కరపత్రం నేరుగా ఆవిడకే పోస్టు చేస్తాం. సమితి ముద్ర ఉన్న కవరు వస్తే సన్మానం నిజమేనన్న నమ్మకం కలుగుతుంది.

భవదీయుడు,
మల్లికార్జునరావు

తా.క. పువ్వుల స్టాంపులో నాకేమీ కనిపించలేదు. అదే అనుమానంగా ఉంది.

*

అల్ఫారెట్టా,
13 అక్టోబరు 2012

మల్లికార్జునరావు గారికి,

చాలా సంతోషం. వ్యతిరేకంగా వేసిన ముగ్గురూ ఎవరో నేను అడగను. మీ కోశాధికారి గారికి కొత్తిమీర కట్ట ఒకటి ఇందులో పెట్టి పంపుదామనుకున్నాను గానీ కవరులో పట్టలేదు.

ఫోటో పంపుతున్నాను. ఇప్పటిది తీద్దామంటే వాల్టర్ గారు ఒప్పుకోలేదు. 1968లో నేవీ దుస్తుల్లో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోయే ఇచ్చారు. అందులో ఆయనకి ఇరవై రెండేళ్లు, నిండా జుట్టు, అందంగా ఉన్నారు. ‘జూలీ వాళ్లమ్మ చూసి మెచ్చింది ఈయన్నే. ఇప్పుడున్న ఈ ముసలాయన్ని కాదు’ అన్నారు.

నాగమల్లేశ్వరి గారికి చిన్న కాగితం: వాల్టర్ హేస్టింగ్స్. నేవీ, వియత్నాం యుద్ధం. కుటుంబం తరఫున కూతురు జూలీ. రెడ్‌మండ్ చిరునామా వెనక రాశాను.

జూలీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. రోజూ పదకొండింటికి ఆయన పోస్టు డబ్బా దగ్గర నిలబడుతున్నారు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కిటికీలోంచి చూస్తున్నాను. మీ కవరు వెళ్తే ఏమైనా కదులుతుందేమో, త్వరగా పంపండి.

ఇట్లు,
దమయంతి

తా.క. దండ ఎందుకండీ, శాలువా చాలదా అని రాయబోయి మానేశాను. మంచి మనసుతో ఇస్తున్నదాన్ని కూడా అనుమానించడం బాగుండదని రాజ్ అన్నారు.

*

అల్ఫారెట్టా,
29 అక్టోబరు 2012

కార్యదర్శి గారికి,

మీ కరపత్రం ఇవాళ వచ్చింది. ఈసారి కోపం చల్లారకముందే రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే ఏమీ అనుకోకండి.

నడిమధ్యలో వాల్టర్ గారి ఫోటో. దాని చుట్టూ బంతిపూల దండ. కింద రెండు వైపులా వెలుగుతున్న దీపాలు, మధ్యలో అగరొత్తులు, వాటి పొగ కూడా గీశారు. పైన పెద్ద అక్షరాలతో ‘వీర సైనికునికి ఘన నివాళి’. కింద: ‘రెండు నిమిషాలు మౌనం పాటించబడును. అనంతరం భోజనములు.’

బతికున్న మనిషండీ. నిన్న సాయంత్రం మా గడ్డి కోసి పెట్టారు.

నేను మొదటి ఉత్తరంలోనే రాశాను, ఇది బతికున్నవారి రోజు అని. జనానికి ఆ తేడా తెలియజేద్దామనే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఇది పొరపాటా, లేక ఆ మూడు ఓట్లలో ఎవరి చెయ్యైనా ఉందా? నాకు పొరపాటని నమ్మాలనుంది. కానీ అగరొత్తుల పొగ దాకా పొరపాటున గీస్తారా?

వాల్టర్ గారికీ ఒకటి వచ్చింది. నేను ఆపేలోపే విప్పేశారు. చాలా సేపు చూసి, ‘ఇన్ని పువ్వులా’ అన్నారు. దీపాలు దీపావళికనుకున్నారు. దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. నేను ఏ మొహంతో చెప్పను?

జూలీకి కూడా వెళ్లే ఉంటుంది. అమెరికా పిల్లకి ఆ దండ అర్థం తెలిసే అవకాశం లేదు, అదొక్కటే అదృష్టం.

నాకు మూడు హామీలు కావాలి, లిఖితపూర్వకంగా. ఫంక్షన్ రోజు ఫోటోకి దండ ఉండకూడదు. దీపం ఉండకూడదు. మౌనం ఉండకూడదు.

దమయంతి

తా.క. ‘అనంతరం భోజనములు’ అన్నది ఎవరికి?

*

జాన్స్ క్రీక్,
2 నవంబరు 2012

దమయంతి గారికి,

మీ కోపం న్యాయమైనది. ఫైలులో చేర్చాను.

విచారణ జరిపాను. కుట్ర ఏమీ లేదు. నాగమల్లేశ్వరి గారి చేతికి వచ్చింది ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో, ఒక యుద్ధం పేరు, ‘కుటుంబం తరఫున కూతురు’ అన్న ముక్క. పైగా నేను దండ తప్పకుండా ఉండాలన్నాను. మెడలో వేయడానికని నా ఉద్దేశం. ‘కుటుంబం తరఫున ఒకరు వస్తున్నారంటే అసలు మనిషి లేడనే కదండీ, ఉంటే ఆయనే వస్తాడుగా’ అని ఆవిడ నన్నే అడిగింది. మీరు గానీ, నేను గానీ ఆ కాగితం మీద ‘బతికే ఉన్నారు’ అని రాయలేదు. బతికున్నవాళ్ల గురించి ఎవరూ అలా రాయరు గనక రాయలేదు.

నాలుగు వందల కాపీలూ పోస్టులో వెళ్లిపోయాయి. ఇప్పటికి నాకు పదకొండు సంతాప ఫోన్లు వచ్చాయి. ఒకాయన తనకి వాల్టర్ గారు చాలా ఏళ్లుగా తెలుసని, ఆఖరి రోజుల్లో బాగా బాధపడ్డారని చెప్పారు. ఇంకొకావిడ ఆ రోజు వంటలో స్వీటు పెట్టొచ్చా అని అడిగింది. దీపావళి కదమ్మా అన్నాను. నరసింహ గారైతే సమితిలో ఎవరైనా పోతేనే గుర్తింపు వస్తోందని అందరితో అంటున్నారట.

మూడు హామీలూ ఇస్తున్నాను. దండ ఉండదు. దీపం ఉండదు. మౌనం ఉండదు. ఇది నా సంతకం.

మల్లికార్జునరావు

తా.క. భోజనములు అందరికీ. వాల్టర్ గారికి కారం తక్కువ వేయిస్తాను.

*

అల్ఫారెట్టా,
12 నవంబరు 2012

మల్లికార్జునరావు గారికి,

మీకు కృతజ్ఞతలు చెప్పాలో, మీ మీద సర్వసభ్య సమావేశంలో ఫిర్యాదు చేయాలో నిన్నంతా ఆలోచించాను. రెండూ ఈ ఉత్తరంలోనే చేస్తున్నాను.

ముందు ఫిర్యాదు. మేం హాలుకి వెళ్లేసరికి ద్వారం దగ్గర ఫోటో ఉంది. దానికి దండ ఉంది. బంతిపూలది, తాజాది. పద్నాలుగో నృత్యం అయ్యాక మైకులో మీ గొంతు, ‘అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా’ అంది. ఆరు వందల మంది లేచారు. నా పక్కన వాల్టర్ గారు కూడా లేచి, టోపీ తీసి, తల వంచుకున్నారు. తన మౌనం తనే పాటించారు. నేను నేలలోకి కుంగిపోయాను. మీరిచ్చిన సంతకం నా ఫైల్లో ఉంది.

ఇక కృతజ్ఞతలు. ఆ మౌనంలో వెనక నుంచి ఎవరో ‘డాడ్’ అన్నారు. గట్టిగా కూడా కాదు. వాల్టర్ గారి వినికిడి యంత్రం మన ఫంక్షన్ల మోతలో పనికిరాదు, మామూలుగా అయితే వినపడేది కాదు. ఆయన తిరిగి చూశారు. నల్ల గౌను వేసుకున్న ఒకావిడ, పక్కన చేతిలో మైకుతో మీరు. ఆవిడ నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చింది. వచ్చి ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది, నమ్మకం లేనట్టు. తర్వాత ఇద్దరూ అలా నిలబడే ఉన్నారు. పదిహేనో నృత్యం పిల్లలు రెక్కలు కట్టుకుని వచ్చి వాళ్ల చుట్టూ తిరిగి వేదికెక్కారు. అది అయ్యాకే శాలువా కప్పడం కుదిరింది.

నేను ఏడ్చాను. నా పక్కన నాగమల్లేశ్వరి గారూ ఏడ్చారు, ఆవిడ ఎందుకు ఏడ్చిందో మరి.

తొమ్మిదేళ్ల కోపం మన ఆరు నిమిషాల గౌరవానికి కరిగిపోయింది చూశారా? తండ్రిని ఒక సభ మెచ్చుకుంటోందన్న సంగతి తెలిసేసరికి కూతురు దేశం ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చేసింది. ఒక రోజు అర్థం జనానికి తెలియజెప్పడం వల్ల ఏమవుతుందని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. ఇది అవుతుంది. జీవితంలో మొదటిసారి ఒక విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

దండ సంగతి మాత్రం వదలను. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరి అనుమతితో పెట్టారు? వరసగా రాయండి.

ఇట్లు,
దమయంతి

తా.క. నిన్న స్టోర్‌లో మళ్లీ పదకొండు మందిని అడిగాను, నవంబరు పదకొండు ఏమిటని. ఈసారి ఒక్కరు కూడా పరుపుల సేల్ అనలేదు. ఏడుగురు ‘వాల్టర్ గారు పోయిన రోజు’ అన్నారు.

*

జాన్స్ క్రీక్,
17 నవంబరు 2012

అమ్మా దమయంతీ,

మీరు అడిగిన వరసలోనే రాస్తాను.

దండ శనివారం ఉదయం నాగమల్లేశ్వరి గారు తీసేశారు. మధ్యాహ్నం మళ్లీ వేసింది నేను. నా చేత్తో. ఎవరి అనుమతీ లేదు. మౌనం కూడా నేను పెట్టిందే.

కరపత్రం మీద ఉన్నది నా ఫోను నంబరు. ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు, గురువారం, ఒకావిడ ఫోన్ చేసింది. జూలీ. మన కరపత్రం ఆవిడకి బుధవారం చేరిందట. మన లిపి తెలియక ఆఫీసులో పక్క సీట్లో ఉండే తేజేశ్వర్ అనే అబ్బాయికి చూపించి, ఇదేమిటో చెప్పమంది. రెడ్‌మండ్‌లో పక్క సీట్లో తెలుగువాడు ఉంటాడని మీరూ నేనూ ఎందుకు అనుకోలేదో తెలియదు. ఆ అబ్బాయి దండ చూశాడు, దీపాలు చూశాడు, ‘నివాళి’ చదివాడు. లేచి నిలబడి, ‘ఐయామ్ సో సారీ’ అన్నాడట.

ఆవిడ వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. అధ్యక్ష ఎన్నికల ప్రచారం ఫోన్లు పడలేక ఆయన నెల కిందటే ఫోను తీగ పీకేశారని మీకు తెలుసు, ఆవిడకి తెలియదు. అప్పుడు నాకు చేసింది. ‘సర్వీస్ ఎన్నింటికి’ అని అడిగింది, సంస్మరణ సభ అనుకుని.

ఆయన బతికే ఉన్నారమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఈలోపు ఆవిడే చెప్పింది, నాన్న దగ్గర్నుంచి ఐదు వారాల కిందట ఉత్తరం వచ్చిందని, విప్పకుండా సొరుగులో పడేశానని, ఇప్పుడు విప్పే ధైర్యం లేదని. అది వినగానే నాకు అనుమానం వచ్చింది. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య అది. బతికున్నాడని చెబితే ఏమవుతుంది? ఊపిరి పీల్చుకుంటుంది, ఫోను పెట్టేస్తుంది, ఉత్తరం సొరుగులోనే ఉంటుంది.

‘శనివారం నాలుగింటికి’ అన్నాను. నేను అబద్ధం ఆడలేదు, టైము చెప్పాను. అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. నలభై నిమిషాలు. మూడుసార్లు నిజం చెప్పబోయి మూడుసార్లూ ఏసీ చాలుతోందా అని అడిగాను. ద్వారం దగ్గర ఫోటోకి దండ లేకపోతే ఆవిడకి అనుమానం వచ్చి వెనక్కి తిరుగుతుందేమోనని ముందే వేసి వెళ్లాను. మౌనం ఎందుకంటే, మన హాల్లో కూతురు పిలిస్తే తండ్రికి వినపడాలంటే వేరే మార్గం లేదు.

మీరు అన్నట్టు ఆవిడ గౌరవం చూడ్డానికి రాలేదమ్మా. బతికున్న తండ్రి పిలిస్తే రాలేదు. మన పొరపాటు పిలిస్తే వచ్చింది. మీకున్న ఆ ఒక్క నమ్మకాన్నీ పాడుచేస్తున్నందుకు క్షమించండి.

రెండు రోజులు ఒక మనిషి బతికున్న తండ్రి కోసం ఏడ్చింది, నా వల్ల. ఆదివారం వెళ్లి ఆవిడకి అంతా చెప్పాను. ‘చెప్పి ఉంటే వచ్చేదాన్ని కాదు’ అంది. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు. మీకిచ్చిన సంతకం తప్పినందుకు రాజీనామా రాసి కార్యవర్గానికి ఇచ్చాను. దాన్ని ఆమోదించాలంటే ఐదుగురు రావాలి. ముగ్గురే వచ్చారు.

మీ
మల్లికార్జునరావు

తా.క. ఇదంతా వాల్టర్ గారికి తెలియదు. తన ఉత్తరం చదివి, సన్మానం చూడ్డానికే కూతురు వచ్చిందని ఆయన వీధి వీధంతా చెబుతున్నారు. జూలీ కూడా అవునంటోంది. మీరూ అవుననండి. ఈ ఉత్తరం చదివి చింపేయండి. నియమావళి ప్రకారం ఒక ప్రతి మాత్రం ఫైలులో చేర్చాను.